విహంగ వీక్షణం

ఈ మాటను మనం ఎక్కువగా రెండు చోట్ల వాడుతున్నాం. వరదలొచ్చినప్పుడు మంత్రులు హెలికాప్టర్లోంచి ముంపు గ్రామాలను చూస్తే అది విహంగ వీక్షణం. వెయ్యేళ్ల సాహిత్యాన్ని నాలుగు పేజీల్లో చుట్టేసినా విహంగ వీక్షణమే. ఈ రెండో వాడుక నాకు బాధ కలిగిస్తుంది. పైనుంచి చూడటం కాస్తా పైపైన చూడటమైపోయింది. ఒక్క వీధినైనా పైనుంచి బొమ్మ గీసినవాళ్లు ఆ రెంటినీ ఒకటనరు.

విహాయసం అంటే ఆకాశం. అందులో పోయేది విహంగం. చివరనున్న ‘గ’ గమనాన్ని చెబుతుంది. ఖగం, తురగం, ఉరగం, అన్నీ నడకను బట్టి వచ్చిన పేర్లే. పోనిది నగం: కొండ, చెట్టు. నగాల్లాంటి మేడలున్న చోటు కనుక నగరం అయిందని వ్యాకరణ సంప్రదాయం చెబుతుంది. అంటే నగరాన్ని విహంగం చూడటమంటే, కదలనివాటిని కదిలేది చూడటం! ‘విహంగం’లో రెక్కల ప్రస్తావన లేదు. ఉన్నదల్లా ఆకాశం, అందులో గమనమే.

డ్రాయింగ్ మాస్టర్లు వన్ పాయింట్ పర్‌స్పెక్టివ్ అనే పద్ధతిలో నగరాన్ని నిట్టనిలువునా పైనుంచి గీయాలంటే, ముందు ఆ గమనాన్ని ఆపేయాలి. చెరువు మీద లకుముకి పిట్ట ఒకేచోట రెక్కలాడిస్తూ నీళ్లలోకి చూస్తుందే, అలాంటి చూపు కావాలి. కంటికి సరిగ్గా కింద పడే చోట కాగితం మీద చుక్క పెడతాం. నిలువు గీతలన్నీ కలిసే వానిషింగ్ పాయింట్ అదే. మన ఖగోళ శాస్త్రజ్ఞులు నడినెత్తి మీది బిందువును ఖస్వస్తికమనీ, దానికి సరిగ్గా ఎదురుగా కిందున్నదాన్ని అధఃస్వస్తికమనీ అన్నారు. ఈ చుక్కకు ఆ రెండో పేరు చక్కగా అతుకుతుంది.

డాబాల కప్పులు ఉన్న ఆకారంలోనే వస్తాయి, చతురస్రమైతే చతురస్రమే. ఒక్కో మూల నుంచి చుక్క వైపు గీత లాగి, నేల తగిలేచోట ఆపాలి. గోడలు అలా పుడతాయి. చుక్క మీదే ఉన్న ఇంటికి గోడ కనిపించదు, కప్పు మాత్రమే. చుక్కకు దూరమయ్యేకొద్దీ గోడలు సాగుతాయి, మేడలు బయటికి ఒరుగుతాయి. చుక్కవైపు గోడ కనిపిస్తుంది, అవతలి గోడ దాక్కుంటుంది. ఆ ఒరుగుకు లెక్క ఉంది. విమానం వెయ్యి మీటర్ల ఎత్తులో ఉండి నేరుగా కిందికి తీసిన ఫొటోలో, వంద మీటర్ల భవనం పైకొస కేంద్రం నుంచి పది సెంటీమీటర్ల దూరంలో పడితే, అది పాదం నుంచి ఒక సెంటీమీటరు జరిగి ఉంటుంది. ఈ జరుగుబాటును కొలిచే ఫొటోల నుంచి భవనాల ఎత్తు రాబడతారు. ఇంత ఖచ్చితమైన చూపును పైపై చూపు అని ఎలా అనగలం?

అయితే దీన్ని విహంగ వీక్షణం అనటానికి నాకు మనసొప్పదు. ఆ పేరు దక్కాల్సింది చిత్రకారుడు జాకొపో దె బార్బరి గీసిన వెనిస్ నగర చిత్రానికి. 1500లో, మనిషి గాలిలోకి లేవటానికి దాదాపు మూడు శతాబ్దాల ముందు, ఆయన ఆ ఊరిని ఏటవాలుగా పైనుంచి చూపించాడు. ఆరు చెక్క దిమ్మెలతో అచ్చువేసిన ఆ బొమ్మ వెడల్పు దాదాపు మూడు మీటర్లు. ప్రచురించిన వర్తకుడు ఆంటన్ కోల్బ్ అనుమతి కోరుతూ, దీనికి మూడేళ్లు పట్టిందని ప్రభుత్వానికి విన్నవించుకున్నాడు. పరిశోధకులు గీతలు లాగి చూస్తే అవి ఒక్క చోట కలవలేదు. గంట గోపురాలెక్కి విడివిడిగా గీసుకున్నవాటిని తర్వాత కలిపి ఉంటారని వాళ్ల అభిప్రాయం. పర్‌స్పెక్టివ్ నియమం ప్రకారం అది లోపమే కావచ్చు. ధాతువు ప్రకారం చూస్తే మాత్రం బార్బరి కన్ను విహంగమే, ఒక గోపురం నుంచి మరో గోపురానికి పోతూనే ఉంది. ఆ పోవటంలో ఏదీ తేలిపోలేదు: 1489లో పిడుగుపడి పై భాగం కాలిపోయిన సాన్ మార్కో గోపురానికి అప్పట్లో వేసిన తాత్కాలిక చదును కప్పును కూడా ఉన్నదున్నట్టు గీశాడు. గోపురానికి మళ్లీ శిఖరం కట్టాక, ఆ దిమ్మెను కూడా సవరించి కొత్తగా అచ్చువేశారు.