కోన, గండి, కట్ట: పశ్చిమ ప్రకాశం చరిత్రలో నేల పాత్ర

చంద్రశేఖరపురం మండలంలోని భైరవకోనను చరిత్రకారులు ప్రధానంగా శిల్పరీతుల దృష్ట్యానే పరిశీలించారు. కొండచరియలో తొలిచిన ఎనిమిది శివాలయాలలో పల్లవ, చాళుక్య సంప్రదాయాల పాలు ఎంత అన్నదే చర్చ. అయితే ఆ స్థలనామంలో భైరవునితోపాటు ‘కోన’ కూడా ఉంది. గుహలను మనుషులు తొలిచారు. కోనను తొలిచింది వాగు. ఉలి తాకడానికి ఎన్నో యుగాల ముందే నీరు వెలిగొండ రాతిని కోసి చరియలను నిలబెట్టింది.

ఈ కొండలు నూరు కోట్ల ఏళ్ళకు పైబడిన కడప శిలావళికి చెందినవి. తూర్పు అంచున ఆ పొరలు ఒత్తిడికి మడతలు పడ్డాయి. గట్టిదైన క్వార్ట్‌జైట్ గుట్టల వరుసలుగా మిగలగా, మెత్తనైన షేలు, పలకరాయి అరిగి లోయలయ్యాయి. మార్కాపురం పలకలు ఆ రాతివే. లోయలోని ఏరు గుట్టల వరుసను దాటే ఇరుకు దారిని మనవారు ‘గండి’ అన్నారు. చెరువుకట్ట తెగినచోటికీ అదే మాట.

ఈ నేలను విజయనగర పాలకులు గుర్తెరిగే కట్టలు కట్టారనడానికి వెలిగొండలకు పడమట ఉన్న పోరుమామిళ్ళ చెరువు శాసనం (1369) సాక్ష్యం. చెరువు కట్టించినవాడు మొదటి బుక్కరాయల కుమారుడు, చంద్రశేఖరపురానికి దక్షిణాన ఉన్న ఉదయగిరి నుంచి పాలించిన భాస్కరుడు. శాసనం చెప్పే పన్నెండు అంగాలలో రాజు, జలశాస్త్రవేత్తలతోపాటు గట్టినేల, తీపినీటి నది, దాన్ని ఆనుకొన్న కొండ ఉన్నాయి. ఆరు దోషాలలో రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం ఒక్కటే రాజకీయమైనది. తక్కినవి కట్టకూ, నేలకూ, నీటికీ సంబంధించినవే.

ఉత్తరాన కంభం చెరువు ఇందుకు మరింత స్పష్టమైన ఉదాహరణ. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కోసిన గండిని ఒక కట్టతో మూశారు. ఇంపీరియల్ గెజిటీర్ ప్రకారం కట్ట ఎత్తు 57 అడుగులు, పరీవాహక ప్రాంతం 430 చదరపు మైళ్ళు. అంత పొట్టి కట్టకు అంత నీరు చేరడానికి కారణం లోయ అంతటికీ ఆ గండే దారి కావడం. జనశ్రుతి ఈ ఘనతను విజయనగర రాజకుమార్తె వరదరాజమ్మకు ఇచ్చింది. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం 2020లో దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. రెండింటిలోనూ గుండ్లకమ్మ ప్రస్తావన తక్కువే.

కట్ట పడ్డాక నది వేగం తగ్గింది. అంతకుముందు గండి దాటిపోయిన ఒండ్రు చెరువుగర్భంలో దిగడం మొదలైంది. పూడికను రైతు నష్టంగా చూడటం సహజం. నిర్మాణకాలాన్ని జనశ్రుతిని దాటి నిర్ధారించదలచిన పరిశోధకునికి మాత్రం, తవ్వి పారబోయకముందే, దాని అడుగుపొర శాసనంతో సమానమైన ఆధారం.