చీటీలో జీతం, సభలో ఓటు

1998. అమెరికాలోని అలబామా రాష్ట్రం, గాడ్స్‌డెన్ పట్టణం. గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకు వచ్చింది లిల్లీ లెడ్‌బెటర్. 1979లో చేరిన ఆమె అక్కడ ఏరియా మేనేజర్. తన అరలో చిన్న కాగితం ముక్క కనిపించింది. కింద సంతకం లేదు. ఆమె పేరు, పక్కన జీతం. అదే పని చేసే మగవాళ్ల పేర్లు, వాళ్ల జీతాలు. అంతే.

ఎవరి జీతం ఎంతో బయటికి చెప్పకూడదని ఉద్యోగంలో చేరినప్పుడే ఆమెకు చెప్పారు. ఆ గుట్టును ఒక్క చీటీ విప్పేసింది.

కోర్టు రికార్డుల్లోకి ఎక్కిన లెక్క ఇది. 1997 చివర్లో ఆమెకు నెలకు 3,727 డాలర్లు. అదే హోదాలో ఉన్న మగవాళ్లలో అందరికన్నా తక్కువ జీతగాడికి 4,286. అందరికన్నా ఎక్కువ జీతగాడికి 5,236. పెన్షన్ కూడా జీతాన్ని బట్టే వస్తుంది కాబట్టి, ఆ తేడా ముసలితనంలోనూ ఆమెను వదలదు.

దావా వేసింది. జ్యూరీ ఆమె పక్షాన నిలిచింది. కానీ 2007 మే 29న సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ దావాను కొట్టేసింది. జీతం నిర్ణయించిన 180 రోజుల్లోపే ఫిర్యాదు చేయాల్సిందట! తెలియని అన్యాయం మీద ఎవరైనా ఎలా ఫిర్యాదు చేస్తారు? జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ తన అసమ్మతి తీర్పును నిండు కోర్టులో చదివి వినిపించారు. ఇక సరిదిద్దాల్సింది అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసేనన్నారు.

ఆ గడువును సరిదిద్దే బిల్లు కాంగ్రెస్ ఎగువసభ సెనేట్‌కు వచ్చింది. ఇలాంటి ఓటింగ్‌లో అక్కడ ఒక్కొక్కరి పేరూ పిలుస్తారు. అవునో కాదో చెప్పాలి. 2008 ఏప్రిల్ 23న బిల్లు ముందుకు కదలడానికి 60 ఓట్లు కావాలి. 56 వచ్చాయి. కాదన్నవారిలో ఆమె సొంత రాష్ట్రం అలబామా సెనేటర్లు రిచర్డ్ షెల్బీ, జెఫ్ సెషన్స్ ఇద్దరూ ఉన్నారు. పాత తగాదాలన్నీ కోర్టుకెక్కుతాయన్నది వ్యతిరేకించినవారి వాదన.

2009 జనవరి 22న మళ్లీ ఓటింగ్. ఈసారి 61-36తో బిల్లు నెగ్గింది. సెనేట్‌లో ఉన్న నలుగురు రిపబ్లికన్ మహిళలూ పార్టీ గీత దాటి అవునన్నారు. అలబామా సెనేటర్లు మాత్రం మళ్లీ కాదనే అన్నారు. ఇక తక్కువ జీతం చేతికందిన ప్రతిసారీ ఫిర్యాదు గడువు కొత్తగా మొదలవుతుంది. జనవరి 29న ఒబామా సంతకం చేశారు. అధ్యక్షుడిగా ఆయన సంతకం పెట్టిన మొదటి బిల్లు అదే. పక్కనే లిల్లీ నిలబడి ఉంది. ఆ చట్టం వల్ల ఆమెకు ఒక్క డాలరు కూడా రాలేదు.

2021 జూన్ 8న, జీతాల గుట్టుకు తెరదించే మరో బిల్లు సెనేట్‌లో 49-50తో ఆగిపోయింది. కాదన్నవారిలో షెల్బీ మళ్లీ ఉన్నారు. లిల్లీ 2024 అక్టోబరులో 86వ ఏట కన్నుమూసింది.

ఆమె జీతం తేడాను ఏళ్ల తరబడి దాచగలిగారు. ఓటును మాత్రం ఎవరూ దాచలేకపోయారు. మన చట్టసభల్లో చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే గట్టెక్కుతాయి. ఎవరు ఎటు నిలిచారన్నది పేరుపేరునా మిగలదు. అక్కడ పేరు పిలిచి ఓటేసిన ప్రతిసారీ మిగులుతుంది. అమెరికాలో ఓటున్న తెలుగువాళ్లారా, మీ ప్రతినిధి ప్రసంగం వినే ముందు ఆ ఓట్ల పట్టిక తీసి చూడండి. మీ కూతురి జీతం గురించి ఆయన ఏమనుకుంటున్నాడో అందులో ఉంటుంది.