పదును

ముదిగుబ్బలో ఎక్కిన బస్సు ఎస్కేయూ గేటు దగ్గర నిన్ను దించి అనంతపురం వైపు వెళ్ళిపోయింది. జూన్ నెల, పొద్దున ఎనిమిదిన్నర. రోడ్డు దాటేలోపే గాలి ఎర్రదుమ్ము తెచ్చి పెదాల మీద చల్లింది. చంకలో ఫైలు ఉంది. అందులో ఎమ్మెస్సీ బోటనీ మార్కుల జాబితా, పీహెచ్‌డీ ప్రవేశపరీక్ష ఆర్‌సెట్ ర్యాంకు కార్డు, రెండు పేజీల పరిశోధన ప్రతిపాదన. గేటు దగ్గర వాచ్‌మన్ నిన్ను గుర్తుపట్టాడు.

"ఏమ్మా, నీ చదువు పోయినేడే అయిపాయె కదా?"

"అయిపోయిందన్నా. మళ్ళీ మొదలుపెడదామని వచ్చినా."

రెండేళ్ళు నడిచిన దారే. అయినా ఈరోజు అడుగు తడబడుతోంది. 1968లో ఈ విద్యాలయం తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి అనంతపురంలో పీజీ సెంటరుగా పుట్టింది. 1981లో శ్రీకృష్ణదేవరాయల పేరు పెట్టుకుని సొంతంగా విశ్వవిద్యాలయమైంది. ఈ చదువులమ్మ కూడా పీజీతో మొదలై, ఉన్నచోటనే ఉండి, డాక్టరేట్లు ఇచ్చే స్థాయికి ఎదిగిందన్నమాట. ఆ ఆలోచన నీకు కాస్త ధైర్యమిచ్చింది.

ఇంటర్వ్యూ గదిలో నలుగురు కూర్చున్నారు. ఇద్దరు నీకు పాఠాలు చెప్పినవాళ్ళే. వాళ్ళు ప్రతిపాదన తిరగేసి నెమ్మదిగా అడిగారు. బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు మాత్రం కళ్ళజోడు తీసి నేరుగా నీ ముఖంలోకి చూశారు.

"ఎమ్మెస్సీ ఇక్కడే, పీహెచ్‌డీ కూడా ఇక్కడే. హైదరాబాదో బెంగళూరో పోవచ్చు కదా. ఇక్కడే ఎందుకు?"

నోట్లో తడారిపోయింది. రాత్రంతా బట్టీపట్టిన పెద్ద జవాబు ఒక్క ముక్కా గుర్తురాలేదు.

"ఊరు దగ్గర సార్."

ఎవరూ నవ్వలేదు. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడ్డావు. ఎంత చిన్న జవాబు చెప్పాను అని నీ మీద నీకే కోపమొచ్చింది.

సీటు వచ్చింది. మొదటి ఏడాది కోర్సువర్కు. ఇప్పటి యూజీసీ నిబంధనల్లో అది కనీసం 12 క్రెడిట్లు. మొత్తం పరిశోధనకు కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. మహిళలకు మరో రెండేళ్ళ వెసులుబాటు ఉంది. అవే గదులు, అవే బల్లలు. కానీ ఎమ్మెస్సీలో ప్రశ్న వాళ్ళది, జవాబు నీది. ఇప్పుడు గైడ్ సార్ గదిలో తెల్లకాగితం నీ ముందుకు జరిపి ఊరుకుంటారు. ప్రశ్న నువ్వే రాయాలి. వారం రోజులు రాసి కొట్టేసి, చివరికి ఒక వాక్యం దగ్గర ఆగావు: ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే ఏ రకం శెనక్కాయ తట్టుకుంటుంది, దేని బలంతో తట్టుకుంటుంది?

సార్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు. "రా, పొలం చూద్దాం," అని లేచారు.

డిపార్ట్‌మెంటు వెనక ఎర్రనేల. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అది కూడా లెక్కలోనే సగటు. నేలకు అందేటప్పుడు ఒకేసారి కుమ్మరించి, ఆపైన నెల రోజులు కనిపించకుండా పోతుంది. గట్టు మీద తెల్లటి పూలతో నిలబడ్డ వయ్యారిభామ మొక్కను సార్ వేళ్ళతో సహా పెరికారు.

"2000లో ఈ జిల్లాలో కాండం కుళ్ళు తెగులొచ్చి రెండు లక్షల పాతికవేల హెక్టార్లలో పంట పాడైంది. నష్టం మూడు వందల కోట్లు దాటింది. టొబాకో స్ట్రీక్ వైరస్ అని తర్వాత తేల్చారు. ఈ మొక్కలో ఆ వైరస్ ఉన్నా పైకి ఏ లక్షణమూ కనపడదు. దీని పుప్పొడి శెనక్కాయ ఆకు మీద పడుతుంది, తామర పురుగు గీకిన గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది." మొక్కను గట్టవతల పడేశారు. "గట్టు మీద కలుపు మొక్కే కదా అనుకుంటాం. ఈ నేలలో ఏదీ ఊరికే ఉండదు. చూస్తూ ఉండాలంతే."

నీ మడులు సిద్ధమయ్యాయి. దశాబ్దాల పాటు ఈ జిల్లాను ఏలిన టీఎంవీ-2, కదిరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6, ఇంకొన్ని రకాలు. సగం మడులకు తడి ఇస్తావు. మిగతా సగానికి వానే దిక్కు. ఒక వారం పటాన్‌చెరు ఇక్రిశాట్‌కు వెళ్ళి, 15,000కు పైగా వేరుశెనగ నమూనాలు దాచిన జీన్‌బ్యాంకును చూసి వచ్చావు. ఇక్కడే ఉండి చదవడమంటే తలుపులు మూసుకుని చదవడం కాదని ఆ చల్లటి గదిలో అర్థమైంది. వెళ్ళాలి, చూడాలి, తిరిగి ఈ మట్టి దగ్గరికే రావాలి.

రెండో ఖరీఫ్. 2023 ఆగస్టు. 1901 నుంచి లెక్కలు చూస్తే దేశం మొత్తానికి అంత పొడి ఆగస్టు లేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు మడిలో గొంతుక్కూర్చున్నావు. మట్టి సెగ చెప్పుల్లోంచి పాదాలకు తెలుస్తోంది. పసుపు పూలు రాలిపోయి, వాటి కింద నుంచి ఊడలు నేలకేసి దిగాయి. నేల గట్టిపడింది. ఊడ కొన మట్టిని తాకి, గుచ్చుకోలేక పక్కకు వంగి నల్లబడింది. ఒకటి కాదు, చెట్టుకు పది. వేలితో మట్టి గీరి ఒక ఊడకు దారి చేయబోయి ఆగావు. చేయకూడదు. ఇది ప్రయోగం.

పైనుంచి మూడో ఆకు కోసి, కవర్లో వేసి, ఐసు పెట్టెలో పెట్టి ల్యాబుకు పరిగెత్తావు. తూకం వేశావు. ఆకు ముక్కల్ని నీళ్ళలో తేలేసి మళ్ళీ తూకం వేశావు. ఓవెన్‌లో ఎండబెట్టి మూడోసారి వేశావు. ఆ మూడు తూకాల్లోంచి ఆకులో మిగిలిన నీటి శాతం తేలుతుంది. ఆ తర్వాత ప్రోలిన్ పరీక్ష. దాహం పెరిగేకొద్దీ మొక్క తన కణాలను కాపాడుకోవడానికి ఆకులో ప్రోలిన్ కూడబెడుతుంది. ఆకు నూరి వడపోసిన రసంలో నిన్‌హైడ్రిన్, అసిటిక్ ఆమ్లం కలిపి, మరిగే నీళ్ళలో గంట ఉంచి, ఐసులో దించి, టోలీన్ పోసి కుదిపావు. రంగు మెల్లగా పైపొరకు ఎక్కింది. తడి ఇచ్చిన మడి గొట్టం లేత గులాబీ. వాన లేని మడి గొట్టం చిక్కటి ఎరుపు. స్పెక్ట్రోఫోటోమీటర్ 520 నానోమీటర్ల దగ్గర ఆ ఎరుపును అంకెగా మార్చింది. రకానికీ రకానికీ తేడా ఇంత స్పష్టంగా నీకు ఎన్నడూ రాలేదు. గుండె వేగంగా కొట్టుకుంది. సంతోషం!

అప్పుడే ఫోన్ మోగింది. నాయన.

"పాపా, మన చేన్లో శెనక్కాయ పోయినట్టే. నిన్న పీకి చూస్తి. చెట్టుకు రెండు కాయలు, అవీ డొల్ల."

చేతిలో గొట్టం అలాగే ఉంది. నీ నోటుబుక్కులో "నీటి ఎద్దడి, 28వ రోజు" అని రాసుకున్నదీ, ఆయన "పోయినట్టే" అన్నదీ ఒకే ఆగస్టు. నీకు చక్కటి అంకెలు తెచ్చిన ఎండే ఆయన ఇత్తనాల అప్పును మిగిల్చింది. ఏం మాట్లాడాలో తోచక అన్నావు: "నాయనా, ఊడలు దిగే పొద్దు ఒక్క తడి ఇచ్చింటే నిలబడేది."

"అది నాకూ తెలుసు పాపా. ఆ తడికి నీళ్ళు యాడివి?"

ఫోన్ పెట్టేశాక నోటుబుక్కు చివరి పేజీ తీసి ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నావు.

మూడో ఖరీఫ్ గడిచింది. సిద్ధాంత గ్రంథం సమర్పించావు. బయటి పరీక్షకుల నివేదికలు వచ్చాయి. వైవా తేదీ పడింది. జూన్, ఆరుద్ర కార్తె. ఓపెన్ వైవా కాబట్టి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. నాయనకు వెనక వరసలో కిటికీ పక్కన కుర్చీ చూసిపెట్టావు.

ముందురాత్రి వాన పడింది. తెల్లవారకముందే ఫోన్ వచ్చింది. "పదునైంది పాపా. గొర్రు కడుతుండాం. నేను రాలేను, ఏమనుకోవద్దు."

"రావద్దులే నాయనా. పదును ఆరిపోతాది."

ఖాళీ కుర్చీకి ఎదురుగా నిలబడి మూడేళ్ళ పనిని నలభై నిమిషాల్లో చెప్పావు. ఈ పరిశోధన పరిమితులేమిటని పరీక్షకులు అడిగారు. ఈసారి నోట్లో తడి ఆరలేదు. "కీలక దశలో ఒక్క తడితో పంటను నిలబెట్టవచ్చని చూపించాను సార్. ఆ తడికి నీళ్ళు ఎక్కడివో నేను చూపించలేదు. పంట కుంటలో పట్టిన వాననీళ్ళు ఎన్ని రోజులు నిలుస్తాయి, ఎన్ని ఎకరాలకు సరిపోతాయి అన్నది కొలవాలి. ఈ లోపం ఎత్తిచూపింది మా నాయన."

పరీక్షకులు తలూపి రాసుకున్నారు. కాసేపటికి లేచి నిలబడి, డాక్టరేటుకు సిఫారసు చేస్తున్నామని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. గైడ్ సార్ నీ భుజం తట్టి, "బయల్దేరమ్మా, ఇంకా పొద్దుంది," అన్నారు.

గేటు దగ్గర కదిరి బస్సు దొరికింది. కిటికీలోంచి దున్నిన నేల వాసన కొడుతోంది. దారి పొడవునా చేలల్లో గొర్రులు తిరుగుతున్నాయి. ఇదే వైవా హైదరాబాదులో అయ్యుంటే నువ్వు ఊరు చేరేసరికి పదును ఆరిపోయేది. ఇంటర్వ్యూ గదిలో సిగ్గుపడ్డ ఆ జవాబు గుర్తొచ్చింది. ఊరు దగ్గర సార్. అది చిన్న జవాబు కాదు. దాని అర్థం తెలియడానికి నీకు మూడు ఖరీఫ్‌లు పట్టింది.

చేను గట్టెక్కేసరికి నాలుగు దాటింది. నాయన గొర్రు ఆపి తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

"అయిపోయిందా పాపా?"

"అయిపోయింది నాయనా."

ఆయన కాసేపు నీవైపే చూశాడు. కళ్ళు తడిశాయి. ఆ తర్వాత ఇత్తనాల సంచి అందించాడు.

"మనుషులు తక్కువుండారు. రా, పొద్దు గూకేలోపు ఈ నాలుగు సాళ్ళు పోద్దాం."

చెప్పులు గట్టు మీద విడిచి చల్లటి ఎర్రమట్టిలోకి దిగావు.