పుష్పవిన్యాసలక్షణము - కాండరు గ్రంథకాలవిచారము

గ్రంథకాలనిర్ణయమునందు ముఖపత్రముపై నచ్చుపడిన సంవత్సరము ప్రమాణములలో నొకటియే కాని సర్వప్రమాణము కాదు. జపానుదేశపు పుష్పవిన్యాసమును గూర్చిన యొక యింగ్లీషు గ్రంథ మిందులకు మంచి యుదాహరణము. జోసయా కాండరు రచించిన 'జపానీయ పుష్పవిన్యాస సిద్ధాంతము' 1935వ సంవత్సరమున కోబెనగరమునందు ముద్రితమైనది. పాతపుస్తకముల యంగళ్లలో దీనిని గొన్నవారు 1935 నాటి జపానీయుల యాచారమే యిందు వర్ణితమని తలంచుట సహజము. ఆ తలంపు సరికాదు. ఏలయన, గ్రంథకర్త 1920లోనే దివంగతుడయ్యెను. ఇందలి వ్యాసము 1889లో జపాను ఆసియాటిక్ సొసైటీవారి సంచికయందు వెలువడినదే.

కాండరు 1852లో లండనున జన్మించిన వాస్తుశిల్పి. 1877లో జపాను ప్రభుత్వముచే నియుక్తుడై తోకియో నగరము జేరి, యచటి యింజనీరింగు కళాశాలలో పాశ్చాత్యవాస్తువిద్యను బోధించెను. అట్లు గురువైనవాడే కవానబె క్యోసాయి యను చిత్రకారునకు శిష్యుడై యా దేశపు చిత్రలేఖనము నభ్యసించెను. పై వ్యాసమునే పెంచి 1891లో సచిత్రగ్రంథముగా బ్రకటించెను. 1899లో నది పేరు మార్చుకొని మరల వెలువడెను.

ఈ విద్యకు జపానుభాషలో 'ఇకెబన' యని పేరు. 'ఇకెరు' ధాతువునకు బూలను సజీవముగ నిలుపుట, అమర్చుట యని యర్థములు. 'హన' యనగా పువ్వు. సమాసమున నుత్తరపదాది హకారము బకారమైనది. ఆ హకారము పూర్వము పకారముగా నుండెనని భాషాతత్త్వజ్ఞుల నిర్ణయము. ద్రుతముమీది పకారమునకు బకారము సరళాదేశమగుట నెఱిగిన యాంధ్రులకు నీ మార్పు వింతగా దోపదు. అయినను నీ సామ్యమాత్రమున రెండు భాషలకు జ్ఞాతిత్వము గల్పింపరాదు.

లక్ష్యము ముందు, లక్షణము వెనుక. క్రీ. శ. 6వ శతాబ్దిలో బౌద్ధముతోడ బుష్పార్చన జపాను జేరెను. అమరావతీస్తూపశిల్పములందును బద్మములతో నిండిన పూర్ణఘటములు గలవు. కాని యంతమాత్రమున నీ కళ కాంధ్రదేశమే మూలమనుట సాహసము. అర్చన వేరు, విన్యాసశాస్త్రము వేరు. 1462లో క్యోతోనగరమందలి రొక్కకుదో యను షట్కోణాలయమునకు జెందిన ఇకెనోబో సెంకెయి బంగారుపాత్రలో బదులకొలది కొమ్మల నమర్పగా, రసికులు పోటీపడి చూడవచ్చిరని యానాటి భిక్షువొకడు తన దినచర్యలో వ్రాసెను. ఆ పరంపరలోనివాడగు సెన్నో యుపదేశములు 1542 నాటి గ్రంథమున గలవు. తొలుత 'రిక్క' యను బహుశాఖావిన్యాసము ప్రబలెను. పిదప 'సెయిక' యను సరళరీతి వ్యాప్తి జెందెను.

కాండరు ప్రధానముగా వివరించిన దీ సరళరీతినే. ఇందు మూడు కొమ్మలు ముఖ్యములు. తెన్, చి, జిన్ - అనగా నాకాశము, భూమి, మనుష్యుడు. ఈ త్రయము చీనాదేశపు దర్శనమునుండి వచ్చినది. కొమ్మల పొడవులు సమములు కారాదు, బేసిసంఖ్య శ్రేష్ఠము, ఇరుపార్శ్వములు నద్దములో బ్రతిబింబమువలె నొక్కటిగా నుండరాదు.

ఇక కాలవిచారము. వెడల్పైన లోతులేని పళ్లెములలో బూల నమర్చు 'మొరిబన' పద్ధతిని ఒహర ఉన్షిన్ 19వ శతాబ్ది చివరి దశకమున బ్రవర్తింపజేసెను. పాశ్చాత్యపుష్పములకు నందు బ్రవేశము గలిగెను. తెషిగహర సోఫు 1927లో 'సోగెత్సు' శాఖను స్థాపించెను. ఇవి రెండును 1935కు బూర్వములు, 1889కి బరములు. కావుననే కాండరు వ్యాసమున వీని ప్రసక్తి లేదు. ముద్రణవత్సరమునే నమ్మినవారు, జపానీయులు 1935 వఱకును గ్రొత్తరీతుల నెఱుగరని విపరీతార్థము గ్రహింతురు.

ఈ నిర్ణయమువలన గ్రంథగౌరవము తగ్గదు, పెరుగును. 1868 తరువాత బాశ్చాత్యాచారములపై మోజు ప్రబలి దేశీయకళల యాదరము సన్నగిల్లిన దినములలో, నొక విదేశీయుడు చూచి వ్రాసిన సాక్ష్యమిది. పాణినిసూత్రములు తన్నాటి ప్రయోగమునకు లక్షణములు. వానిపై వరరుచి వార్తికములు రచించెను. వార్తికములందలి విషయము సూత్రములలో లేదని పాణినిని దూషించువారు లేరు. కాండరునెడలను నీ న్యాయమే యనుసరణీయము. గ్రంథాలయపట్టికలలో నీ పుస్తకమునకు 1935 అని మాత్రమే వ్రాయక, రచన 1889, ముద్రణము 1935 అని రెండును జూపుట యుక్తము.