కరెంటు లేని బడికి కొత్త దీపాలు

అమెరికా దక్షిణాది పల్లెల్లో రోజెన్‌వాల్డ్ బడిని బాగుచేసేవాళ్లు లైట్లు కొనేముందు పొద్దు ఎటు పొడుస్తుందో చూసుకోవాలి. నేను నార్త్ కరోలినాలో స్థిరపడ్డాక తెలుసుకున్న చరిత్రల్లో నా మనసుకు బాగా పట్టింది ఈ బడులదే.

సియర్స్ కంపెనీ అధినేత జూలియస్ రోజెన్‌వాల్డ్, టస్కెగీ విద్యాసంస్థ నడిపిన బుకర్ టి. వాషింగ్టన్ కలిసి 1912లో ఈ పని మొదలుపెట్టారు. 1932 నాటికి 15 రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లల కోసం దాదాపు 5,000 బడులు లేచాయి. అన్నిటికన్నా ఎక్కువ మా రాష్ట్రంలోనే. డబ్బంతా ఆ షావుకారే పెట్టాడనుకునేరు! పన్నులు కట్టి కూడా పిల్లలకు సరైన బడి దక్కించుకోలేకపోయిన రైతులూ కూలీలూ మళ్లీ చందాలేసుకున్నారు, బడి కోసమని పత్తి పండించి అమ్మారు. లెక్క తీస్తే వాళ్లు పోగుచేసిందే దాత సొమ్ముకన్నా ఎక్కువ. ఒకే బడికి రెండుసార్లు పన్ను కట్టారన్నమాట.

ఆ పల్లెల్లో కరెంటు లేదు. అందుకని వెలుతురును ప్లానులోనే గీశారు. తూర్పుకో పడమరకో ఎత్తయిన కిటికీలు బారుగా, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. గోడలకు లేత రంగు. రాసే కుడిచేతి నీడ కాగితం మీద పడకుండా వెలుతురు పిల్లల ఎడమవైపు నుంచి రావాలని బల్లలు వేసే తీరు కూడా చెప్పారు. ఎడమచేతివాటం పిల్లలు ఏం చేశారో మరి!

జాతినిబట్టి వేరు బడులు చెల్లవని 1954లో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక ఇవి ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇప్పుడు మిగిలినవి 500 దాకా.

ఇలాంటి పాత బడుల్లో తర్వాతెప్పుడో ఫాల్స్ సీలింగు వేసి ట్యూబ్‌లైట్లు బిగించి ఉంటే, కిటికీల పైభాగం మూసుకుపోతుంది. ముందు దాన్ని పీకేయాలి. సన్నని ఎల్ఈడీలను కిటికీ పైఅంచుకన్నా ఎత్తులో వేలాడదీసి, కిటికీ పక్క వరసకు సెన్సర్ పెడితే ఎండ ఉన్నంతసేపూ అవే తగ్గిపోతాయి. బాత్‌రూములు, ర్యాంపు వెనకవైపు కట్టి, కిటికీల గోడ జోలికి పోకపోవడం మేలు. కొత్త గది పాతదానికి నకలు కాకూడదనీ, తేడా తెలుస్తూనే పొందికగా ఉండాలనీ ఇక్కడి ఫెడరల్ ప్రమాణాలు చెబుతాయి. నాకు ఈ నియమం నచ్చింది. పాతకాలం వేషం కట్టిన కొత్త గోడను చూసి మోసపోయేది మన మనవలే.

మా రాష్ట్రంలోని షార్లెట్‌లో పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలకు ఒక మాట. రోజెన్‌వాల్డ్ నమూనాలో ఊరివాళ్లే కట్టుకున్న సైలోమ్ బడి, అపార్ట్‌మెంట్ల మధ్య శిథిలమైపోతుంటే 2023లో షార్లెట్ చరిత్ర మ్యూజియం ఆవరణకు తరలించారు. బాగుచేసి 2024లో తెరిచారు. గుడీ మాలూ అయ్యాక, ఒక పూట అక్కడికీ తీసుకెళ్లమనండి.