వాల్డెన్ తీరమందలి శిలలు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమందు 1930లో, వలసరాజ్య త్రిశతాబ్ది సందర్భమున, మార్గముల వెంట చరిత్రఫలకములు నెలకొల్పబడినవి. అందలి మిడిల్‌సెక్స్ కౌంటీకి చెందిన కాంకర్డ్ పట్టణమున యాత్రికులు తొలుత దర్శించునది 1775 ఏప్రిల్ 19 నాటి సంగ్రామ స్మారకమునే. జిజ్ఞాసువులకు మాత్రము దక్షిణమున నున్న వాల్డెన్ సరస్తీరమే ముఖ్యము.

హెన్రీ డేవిడ్ థోరో 1845 జులై 4న, ఎమర్సన్ భూమిలో తాను నిర్మించుకొన్న కుటీరమున ప్రవేశించి, 1847 సెప్టెంబరు వరకు నివసించెను. దాని వెడల్పు 10 అడుగులు, పొడవు 15. ప్రాతఃకాల గీతాధ్యయనమును బుద్ధికి స్నానముగా ఆతడు వర్ణించెను. చార్లెస్ విల్కిన్స్ 1785లో ప్రకటించిన ఆంగ్లానువాదము ద్వారా గీత ఆ దేశమునకు పరిచితమైనది. వాల్డెన్ జలము గంగాజలముతో సంగమించుననియు థోరో భావించెను. ఇది నిరాధార కల్పన కాదు. 1833 నుండి బోస్టన్ మంచుగడ్డలు నౌకలలో కలకత్తాకు చేరుచుండెను.

కాలక్రమమున కుటీరము అదృశ్యమైనది. 1872లో, థోరో మిత్రుడైన బ్రాన్సన్ ఆల్కాట్ చూపిన చోట ఒక సందర్శకురాలు తొలి రాయి నుంచెను. తదుపరి వచ్చినవారు తలకొకటి చేర్చగా గుట్ట యేర్పడినది. 1945లో రోలండ్ రాబిన్స్ త్రవ్వి చూడగా, పొగగొట్టపు పునాది ఆ గుట్టకు ప్రక్కగా బయల్పడినది! నేడు గ్రానైట్ స్తంభములు కుటీర పరిధిని నిర్దుష్టముగా తెలుపుచున్నవి. అచట పఠితమైన గ్రంథమును గూర్చి తెలుపుట కొలతలకు సాధ్యమా? అందులకు థోరో రచనయే శాసనము.

స్థలము నిర్ధారితమైనను, యాత్రికులు నేటికిని రాళ్ళు నుంచునది ఆ పాత గుట్టమీదనే.