డాలు పళ్లెం కాదు, రెండో కత్తీ కాదు

మా అమ్మమ్మ వాళ్ల ఊరు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే దారిలో ఉంది. అక్కడి చెరువు గట్టు మీద ఒక వీరగల్లు ఉండేది. కుడిచేతిలో కత్తి, ఎడమచేతిలో గుండ్రటిదేదో పట్టుకుని ఒకాయన నిలబడి ఉంటాడు. చిన్నప్పుడు అది అన్నం పళ్లెం అనుకునేవాణ్ణి. "పళ్లెం కాదురా, డాలు. ఊరి కోసం కొట్లాడి సచ్చిపోయిండట" అనేది అమ్మమ్మ.

ఇప్పుడీ డాలు గొడవ ఎందుకంటారా? శనివారాలు నేనూ నలుగురు స్నేహితులూ చేరి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో: తలా ఒక పాత్ర, కథ నడిపేవాడొకడు, ఇరవై ముఖాల పాచిక. కిందటి నెల ఒకడు పేచీ పెట్టాడు. "రెండు కత్తులవాడికి రెండో దెబ్బ ఉంది కదా, నేను డాలుతో కొడితే నాకెందుకు లేదు?" అని. తీర్పు చెప్పాల్సింది నేను. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ముందు పాత వెర్షన్లు తవ్వాను.

ఈ ఆట 1974లో పుట్టింది. 1979 నాటి రూల్సులో రెండో చేతిలో బాకో చిన్న గొడ్డలో తప్ప పట్టకూడదు, పైగా గురి తగ్గుతుంది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్లో శిక్షణ లేకుండా రెండు కత్తులు పడితే కుడిచేతికి 6, ఎడమచేతికి 10 కోత. డాలుతో కొట్టడం కూడా రెండో ఆయుధం కిందే లెక్క. కొడితే మళ్లీ మీ వంతు వచ్చేదాకా డాలు రక్షణ పోతుంది. అది పోకుండా ఉండాలంటే వేరే విద్య నేర్చుకోవాలి. 2009లో పాత్‌ఫైండర్ అని దీని తమ్ముడొచ్చాడు. అందులో డాలు విద్య పూర్తిగా నేర్చినవాడికి డాలు దెబ్బ మీద కోత ఎత్తేశారు. దాంతో రెండు కత్తుల పోరాటానికి మంచి రెండో కత్తి డాలే అయి కూర్చుంది! ఒక చోట బగ్గు సరిచేస్తే ఇంకోచోట తేలినట్టు.

2014 ఎడిషన్ లెక్క చూద్దాం. ఒక కత్తీ డాలూ ఉన్నవాడి దెబ్బ సగటు 7.5 అనుకుంటే, రెండు చిన్న కత్తులవాడిది 10. అంటే మూడో వంతు ఎక్కువ. మరి డాలు ఇచ్చేది? రక్షణకి 2 కలుస్తుంది. శత్రువు సగం సార్లు కొట్టగలిగితే అది నూటికి 40కి దిగుతుంది, తినే దెబ్బల్లో ఐదో వంతు తగ్గినట్టు. అదే మీకు మంచి కవచం ఉండి శత్రువు 20 శాతమే కొట్టగలిగితే, డాలుతో అది 10 అవుతుంది. దెబ్బలు సగానికి సగం! ఇక ఐదో స్థాయికొచ్చి ఇద్దరికీ ఇంకో దెబ్బ కలిసేసరికి 15కి 16.5. రెండు కత్తుల ఆధిక్యం పదో వంతుకి పడిపోతుంది. ఇవన్నీ ఒకే సంఖ్యలోకి తేలే విషయాలు కావని అప్పుడర్థమైంది.

మరి చరిత్రలో ఏం చేశారు? అక్బరు కొలువులోని కత్తిసాము వాళ్ల గురించి అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో రాశాడు. కొందరు డాలు లేకుండా ఒంటిచేత్తో పోరాడేవాళ్లట, వాళ్లు ఏక్‌హాథ్‌లు. దక్షిణాది వాళ్లేమో మనిషినీ గుర్రాన్నీ కప్పేంత డాలు పట్టేవాళ్లట! డాలుతో కొట్టడమూ మనకి కొత్త కాదు. కృష్ణజింక కొమ్ములు రెండు ఎదురెదురుగా బిగించి, మొనలకి ఉక్కు తొడిగి, మధ్యలో చిన్న డాలు పెట్టే ఆయుధం ఒకటుంది. తమిళులు మడువు అంటారు. ఆపేదీ అదే, పొడిచేదీ అదే. కానీ చూడండి, దానిలో డాలు చాలా చిన్నది. పొడవడానికి వీలుండాలంటే కప్పడం తగ్గాల్సిందే.

సినిమాలో రెండు కత్తులు తిప్పితే ఈలలు పడతాయి. యుద్ధంలో బాణాలొస్తాయి, ఈటెలొస్తాయి, పక్కవాణ్ణి కాయాలి. రెండో కత్తి వాటికి అడ్డం నిలబడదు. మా చెరువు గట్టు మీది ఆయన చేతిలో డాలుందంటే నాకేం ఆశ్చర్యం లేదు.

అందుకే నా తీర్పు ఇది: డాలుతో కొట్టు, రెండో దెబ్బ నీదే. కానీ నీ వంతు మళ్లీ వచ్చేదాకా ఆ 2 ఉండదు. తిరిగి తిరిగి 2000 నాటి రూలుకే వచ్చానని తెలుసు. ఇద్దరూ గొణిగారు, కాబట్టి సరిగ్గానే చెప్పినట్టున్నాను.

అసలు బాధ వేరే ఉంది. మొన్న సంక్రాంతికి ఊరెళ్తే గట్టు మీద వీరగల్లు లేదు. రోడ్డు వెడల్పు చేస్తూ తీసి మట్టికుప్ప పక్కన బోర్లా పడేశారు. నేనూ మా బావా గడ్డపారలతో కిందా మీదా పడి తిప్పాం. కత్తి విరిగింది. డాలు అలాగే ఉంది. మా జిల్లాలోనే దోమకొండ కోటకి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది, సంతోషం. కోటని బాగుచేయించడానికి వారసులున్నారు. ఊరి కోసం చచ్చిపోయినవాడికి పేరు కూడా మిగల్లేదు, వారసులెవరొస్తారు?

ప్రస్తుతానికి ఆయన్ని గుడి గోడకి ఆనించి వచ్చాం. మీ ఊళ్లోనూ ఇలాంటి రాయి ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు ఎడమచేతిలో ఏముందో ఒకసారి చూసి రండి.